పాపికొండల్లో మనుషులు కూడా ఉన్నారు

పాపికొండల యాత్రా వ్యాసం ఎలా ఉంటుందో మనకు కంఠతా వచ్చు. చలికాలం మొదలవగానే ఏదో ఒక ఆదివారం పుస్తకంలో అది కనబడుతుంది. రచయిత తెల్లవారుజామున భద్రాచలంలో బస్సు దిగుతాడు. రాములవారి దర్శనం చేసుకుంటాడు. పోచవరం రేవులో లాంచి ఎక్కుతాడు. మంచు తెర, రెండు కొండల మధ్య సన్నబడ్డ గోదారి, పేరంటపల్లి గుడి, కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెలు, రాత్రి నెగడు చుట్టూ పాటలు, బొంగు చికెన్. చివర్లో ఒక నిట్టూర్పు: నాగరికతకు దూరంగా, కల్లాకపటం తెలియని గిరిజనులు ఎంత హాయిగా బతుకుతున్నారో! మరునాడు బస్సెక్కి ఇంటికి పోతాడు.

ఈ వ్యాసం ఆ చివరి నిట్టూర్పు మీద రాస్తున్నాను. నది చూడటానికి వచ్చేవాళ్లను రావద్దనటం నా ఉద్దేశం కాదు. గోదారి ఒకరి సొత్తు కాదు. మన గూడేనికి వచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టటం మన పద్ధతి. కానీ ఒక్క రోజు చూసి పోయినవాడు రాసింది అచ్చులో నిలుస్తోంది. తరతరాలుగా ఉంటున్నవాళ్లు చెప్పింది గాలికి పోతోంది. ఆ అచ్చు చదివినవాళ్లే రేపు ఆఫీసర్లవుతారు, ఇంజనీర్లవుతారు, పుస్తకాలు రాస్తారు, మన మీద నిర్ణయాలు చేస్తారు. కాబట్టి దీన్ని సరదా రాతలే కదా అని వదిలేయటానికి లేదు. ఆ రాతల వల్ల మనకు జరిగే నష్టం భూమిలో, నీళ్లలో, చదువులో లెక్కపెట్టి చూపించగలిగిన నష్టం.

ఎవరికి దూరం?

యాత్రా రచయితలకు ఇష్టమైన మాట 'మారుమూల'. మూల అనాలంటే ముందు నడిమిల్లు ఏదో తేల్చాలి. హైదరాబాదు నడిమిల్లయితే కూనవరం మూలే. కానీ శబరి వచ్చి గోదారిలో కలిసే చోట కూనవరం ఉంది. రెండు నదుల మీద పడవలు నడిచిన కాలంలో అది కూడలి. కలపకు, వెదురుకు, ఇప్పపువ్వుకు, ఉప్పుకు అదే దారి. నది దారిని పక్కనపెట్టి రోడ్డునే దారి అనుకున్న తర్వాత మనం మూలకు పోయాం. మనం ఎక్కడికీ కదల్లేదు. నడిమిల్లు కదిలింది.

ఇంకో సంగతి. మన నేలను ఎన్నిసార్లు చేతులు మార్చారో పిల్లలకు చెప్పండి. నేటి వి.ఆర్.పురం ప్రాంతంలోని రేకపల్లి 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కిందికి మారింది. ఆ మార్పుతో గొడ్డలి లెక్కన వేసే పోడు పన్ను పెరిగింది, కొన్ని అడవుల్లో పోడు కొట్టనివ్వలేదు. 1879లో రంపలో తిరుగుబాటు లేస్తే రేకపల్లి కూడా లేచింది. తర్వాత 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 2014 మేలో ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటు ఆమోదం. పోలవరం ముంపు పేరుతో ఖమ్మంలోని మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పోయాయి. బూర్గంపాడులో కొన్ని ఊళ్లు పోయాయి. భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటే ఇటు మిగిలి, మిగతా ఊళ్లు అటు పోయాయి.

మన ముత్తాత ఊరు కదలకుండానే మూడు ప్రభుత్వాలు చూసింది. ఇంత చరిత్ర ఉన్న నేలను 'చరిత్ర ఎరగని అడవి' అని ఎవరైనా రాస్తే, తనకు తెలియని దాన్ని లేదని చెప్పటమే అది.

పర్యాటకుడు ఉదయం తెలంగాణలో దేవుణ్ణి చూసి మధ్యాహ్నం ఆంధ్రాలో లాంచి ఎక్కుతాడు. ఆ గీత అతనికి కనబడదు. కూనవరంలో జబ్బుపడి భద్రాచలం ఆసుపత్రికి వచ్చే మనిషికి కనబడుతుంది. కులం సర్టిఫికెట్టు కోసం, రేషన్ కోసం, హాస్టలు సీటు కోసం తిరిగే పిల్లవాడికి కనబడుతుంది. ఒకే నది, ఒకే అడవి. చూసి పోయేవాడికి సరిహద్దు లేదు, ఉండేవాడికి అడుగడుగునా ఉంది.

'అమాయకులు' అనే మాట

'అమాయకులు' అన్నది పొగడ్త అనుకుంటారు రాసేవాళ్లు. మనలో కొందరు చదువుకున్నవాళ్లు కూడా అలాగే అనుకుంటున్నారు. ఆ మాట చేసే పని చూడండి. అమాయకుడికి తన మంచి తనకు తెలియదు. కాబట్టి అతని తరఫున ఇంకొకరు నిర్ణయించాలి. అమాయకుడితో ఒప్పందం రాసుకోనక్కర్లేదు. అతనికి లెక్క చెప్పనక్కర్లేదు. భూమి పోయినా 'పాపం, మోసపోయారు' అంటే సరిపోతుంది. మోసం చేసినవాడి పేరు రాయనక్కర్లేదు.

దీని పక్కనే ఇంకో బొమ్మ ఉంది. పట్నాల్లో ఈకలు తలకు కట్టుకుని, మూలికలు పరుచుకుని, జాతకం చెప్పే 'కోయదొర'. సినిమాల్లో కూడా అతనే. మన గూడేల్లో అట్లాంటి వేషం ఎవరైనా చూశారా? ఒక బొమ్మలో మనకు ఏమీ తెలియదు. ఇంకో బొమ్మలో మనకు మంత్రాలు తెలుసు. రెండు బొమ్మల్లోనూ మనం మామూలు మనుషులం కాము. పిల్లల ఫీజు గురించి, ఎరువు ధర గురించి, పట్టా గురించి బెంగపడే మనుషులం కాము.

నది ఒడ్డున ఉండేది ఒకే జాతి కూడా కాదు. కోయవాళ్ల భాష వేరు, అది గోండికి దగ్గరి చుట్టం. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. వాళ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల్లో లెక్కపెట్టింది. వాళ్ల పండుగలు వేరు, పెళ్లి పద్ధతులు వేరు, పోడు కొట్టే కొండలు వేరు. యాత్రా వ్యాసంలో ఇద్దరూ 'గిరిజనులు' అనే ఒక్క మాటలో కలిసిపోతారు. పేరంటపల్లిలో వెదురు పూలు అమ్మే ఆడమనిషిని ఫొటో తీసినవాడు ఆమె కోయో కొండరెడ్డో అడగడు. ఆమె ఏ ఊరి నుంచి నడిచి వచ్చిందో అడగడు. బేరం మాత్రం ఆడతాడు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తెలుగులో యాత్ర రాసిన తొలివాళ్లలో ఒకడు. ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో, ఏ ఏరు ఎక్కడ దాటాలో, మజిలీకి మజిలీకి ఎంత దూరమో వివరంగా రాసుకున్నాడు. ఆయన చూపుకూ హద్దులున్నాయి, పల్లకీలో పోయిన మనిషి చూపు అది. అయినా వెనక వచ్చేవాడికి పనికొచ్చే సంగతి చెప్పాలని ఆయనకు పట్టుదల ఉంది. ఈ కాలపు పాపికొండల వ్యాసంలో ఆ పట్టుదల ఏది? రేవు ఊళ్లో బడి ఉందా, అంబులెన్సు వస్తుందా, వరదొస్తే జనం ఎక్కడికి పోతారు? రెండు పేజీల వ్యాసంలో రెండు వాక్యాలు కూడా దీనికి దొరకవు.

రెండు లాంచీలు

పర్యాటకుడి ప్రాణానికీ మన ప్రాణానికీ ఈ నది మీద ఎంత తేడా ఉందో రెండు ప్రమాదాలు చెబుతాయి.

2018 మే 15న కొండమొదలు నుంచి వస్తున్న ప్రయాణికుల లాంచి మంటూరు దగ్గర మునిగింది. అందులో ఉన్నది ఎక్కువగా ఆదివాసులు. పని మీద, సరుకుల మీద ప్రయాణం చేస్తున్నవాళ్లు. లాంచిలో సిమెంటు బస్తాలు కూడా ఉన్నాయి. గాలివాన వచ్చింది. లోపలున్నవాళ్లు తడవకుండా తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచి మునిగినప్పుడు బయటపడలేకపోయారు. ఇరవై మంది దాకా చనిపోయారు. రోడ్డు లేని ఊళ్లకు లాంచే బస్సు, లాంచే సరుకు లారీ. అందుకే మనుషులూ సిమెంటూ ఒకే లాంచిలో వచ్చాయి. ఇది విహారం కాదు, సంతకు పోయి రావటం.

2019 సెప్టెంబరు 15న, ఆదివారం, గండిపోచమ్మ దగ్గర నుంచి పాపికొండలకు బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. నది వరద మీద ఉంది. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. ఇరవై ఆరు మంది బతికారు. వాళ్లను నీళ్లలోంచి లాగింది ఎవరు? ఒడ్డు ఊళ్ల జనం. తమ చిన్న పడవలు వేసుకుని ఆ సుడిలోకి పోయారు. అంతకు నెల ముందే, ఆగస్టులో, పోలవరం కాఫర్ డ్యాం వెనక్కి తన్నిన వరదలో దేవీపట్నం మండలంలోని ఊళ్లు మునిగాయి. తమ ఇళ్లు మునిగినప్పుడు వార్త కాని మనుషులు, పట్నం వాళ్లను కాపాడిన రోజు ఒక్క పూట వార్త అయ్యారు.

పోయిన ప్రాణాల్లో ఎక్కువ తక్కువలు లేవు. కచ్చులూరులో పిల్లలను పోగొట్టుకున్న తల్లుల ఏడుపు మన ఏడుపే. నా ప్రశ్న ప్రభుత్వాలకు. కచ్చులూరు తర్వాత పర్యాటక బోట్లు ఆపారు, తనిఖీలు పెట్టారు, రేవుల్లో కంట్రోలు రూములు తెరిచారు, 2021 నవంబరులో మళ్లీ బోట్లు వదిలారు. మంచిదే. మంటూరు తర్వాత ఆ ఊళ్లకు రావలసింది ఏమిటి? రోడ్డు. రోజూ నడిచే భద్రమైన ప్రభుత్వ లాంచి. ప్రతి రేవులో లైఫ్ జాకెట్లు. టికెట్టు కొన్న మనిషికి ఇచ్చిన భద్రత, రేషన్ బియ్యం మోసుకొచ్చే మనిషికి కూడా హక్కే. విహారానికి వచ్చిన రక్షణ బతుకుతెరువుకు రాకపోతే, ఆ నది మీద రెండు రకాల పౌరులున్నారని ఒప్పుకోవాలి.

డబ్బు ఎటు పోతోంది?

'పర్యాటకం వస్తే మీకే లాభం కదా' అంటారు. ఈ మాట తీసిపారేయటానికి లేదు. కొల్లూరులో గుడిసెల దగ్గర వంట చేసేవాళ్లున్నారు, సామాను మోసేవాళ్లున్నారు, వెదురు పని అమ్ముకునేవాళ్లున్నారు. ఆ నాలుగు రూపాయలు వాళ్ల ఇంటికి అవసరం. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నెల జీతం తీసుకునే నాలాంటివాడికి లేదు.

అయితే లెక్క మొత్తం వేద్దాం. భద్రాచలంలో టికెట్టు అమ్మిన ఏజెంటు ఎవరు? బస చేసిన లాడ్జి ఎవరిది? రేవు దాకా తెచ్చిన జీపు ఎవరిది? లాంచి ఎవరి పేరు మీద ఉంది? సరంగు జీతమెంత? లాంచిలో పెట్టిన భోజనానికి బియ్యం, కూరగాయలు ఎక్కడ కొన్నారు? గుడిసెల కాంట్రాక్టు ఎవరిది? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు రాసుకుంటూ పోతే టికెట్టు డబ్బులో గూడేనికి చేరేది ఏ వాటానో తేలుతుంది. ఇది తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్క. మన బళ్లలో చేయించాల్సిన లెక్క.

డబ్బు కంటే పెద్దది నేల. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని చట్టం ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను గట్టిచేసిన 1/70 అదే. అమ్మటమే కాదు, లీజు కూడా దాని కిందికి వస్తుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలని కూడా ఆ చట్టం చెబుతుంది. 1997లో సమత కేసులో, గనుల లీజుల విషయంలో, ప్రభుత్వం కూడా ఈ చట్టానికి కట్టుబడాల్సిందేనని, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వటం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరి నది ఒడ్డునా, ఘాటు రోడ్డు పక్కనా లేచే రిసార్టు ఏ భూమి మీద ఉంది? పట్టా మన పెద్దనాన్న పేరు మీద, పెత్తనం పట్నం సేటు చేతిలో ఉంటే దాన్ని బినామీ అంటారు. మన మనిషి సంతకం పెట్టాడు కాబట్టి అది చట్టబద్ధం కాదు.

2006 అటవీ హక్కుల చట్టం అడవి భూమిని గ్రామసభ సిఫారసుతో 13 రకాల ప్రజా అవసరాలకు వాడుకోనిస్తుంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌక డిపో, కరెంటు లైను, చెరువు, మంచినీళ్లు, రోడ్డు, సామాజిక భవనం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. రిసార్టు లేదు. కానీ మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. రోడ్డు అడిగితే అటవీ అనుమతులు అంటారు. అడవిలో కొత్త కాటేజీలు లేవటానికి మాత్రం ఏ అడ్డూ ఉండదు. 2008లో పాపికొండలు జాతీయ పార్కయ్యాయి. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా అడవి దాని కిందికి వచ్చింది. ఇంటి కప్పుకు వెదురు తెచ్చుకునేవాడు గార్డును చూసి దాక్కుంటున్నాడు. నీళ్ల సీసాలు నదిలోకి విసిరేవాడు గార్డుతో ఫొటో దిగుతున్నాడు.

'మునిగేలోపు చూసి రండి'

ఇంకో ప్రచారం వినపడుతోంది. పోలవరం పూర్తయితే ఈ అందాలుండవు, మునిగేలోపు ఒకసారి చూసి రండి అని. ఈ మాటలో ఉన్న కర్కశత్వం చెప్పేవాళ్లకు తెలియటం లేదు. మునిగేది అందం ఒక్కటే అయినట్టు మాట్లాడుతున్నారు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. దాని కింద 370కి పైగా నివాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ప్రభుత్వ లెక్కల్లోనే ఉన్నాయి. అందులో ఎక్కువ ఊళ్లు ఈ నది పొడుగునా ఉన్న కోయ, కొండరెడ్డి ఊళ్లు. తాతల సమాధి రాళ్లు మునుగుతాయి. ఊరి దేవత చెట్టు మునుగుతుంది. ఏ కొండ మీద ఏ దుంప దొరుకుతుందో తెలిసిన తెలివి, ఆ కొండ లేని కాలనీలో పనికిరాకుండా పోతుంది. దీనికి నష్టపరిహారం పట్టికలో గడి లేదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత మన తరం చూసిన పెద్ద వరద అదే. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాల్లో జనం గుట్టల మీద టార్పాలిన్ల కింద బతికారు. నీళ్లు తీశాక ఇంట్లో మిగిలింది బురద. ఆ చలికాలానికి మళ్లీ యాత్రా వ్యాసాలు వచ్చాయి: మంచు తెర, సన్నబడ్డ గోదారి, హాయిగా బతుకుతున్న అమాయకులు.

ఒక ప్రాంతం మునిగిపోబోతోందని తెలిసి టికెట్టు కొనుక్కుని చూడటానికి పోయేవాడు, అక్కడి మనిషిని 'నువ్వెక్కడికి పోతావు' అని అడగకపోతే, అతను చూసింది పాపికొండలు కాదు. వాల్‌పోస్టరు.

ఉండి చూసిన మనిషి

బయటివాళ్లంతా ఒకటే అనటం న్యాయం కాదు. హైమండార్ఫ్ కూడా యాత్రికుడిగానే వచ్చాడు. ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండి, గోదారి వెంట కొండరెడ్ల ఊళ్లలో భార్య బెట్టీతో కలిసి మకాం వేశాడు. 1945లో వాళ్ల మీద 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అనే పుస్తకం అచ్చు వేశాడు. పాపికొండలకు ఇంగ్లీషు వాళ్లు పెట్టిన పేరు అది. ఆయన కొండల అందంతో సరిపెట్టుకోలేదు. కలప, వెదురు కాంట్రాక్టర్లు రెడ్లను ఎలా పిండుతున్నారో రాశాడు. నిజాం ప్రభుత్వంలో గిరిజనుల సలహాదారుగా పనిచేశాడు. గోండు పిల్లలకు, కోయ పిల్లలకు బళ్లు పెట్టించటంలో ఆయన చెయ్యి ఉంది. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి, మనం ఇంకా ఎంత పోగొట్టుకున్నామో చూసి, 1982లో ఇంకో పుస్తకం రాశాడు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని మార్లవాయిలో గోండులు ఈనాటికీ ఆ దంపతులను తలుచుకుంటారు.

తేడా ఎక్కడుంది? ఆయన ఉండి చూశాడు. అడిగి రాశాడు. రాసింది పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీశాడు. మళ్లీ వచ్చాడు. పర్యాటక రచయితలకు ఇది కొలబద్ద.

అయినా ఒక బాకీ మిగిలింది. ఆయన తీసిన ఫొటోలు, సినిమా రీళ్లు లండను విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఏ కొండరెడ్డి తాతను ఆయన ఫొటో తీశాడో ఆ తాత మనవడు ఆ బొమ్మ చూడలేదు. వాటి ప్రతులు తెప్పించి ఏజెన్సీ బళ్లలో పెట్టమని గిరిజన సంక్షేమ శాఖను, ఐటీడీఏలను మనం అడగాలి. అవి మన కుటుంబ ఫొటోలు.

ప్రపంచంలో మిగతా నదుల మీద

ఇది మన ఒక్కరి గోల కాదు. అండమాన్‌లో జరావాల అడవి మధ్య నుంచి వేసిన రోడ్డు మీద పర్యాటకుల బండ్లు వరసకట్టేవి. తిండి చూపించి జరావా ఆడవాళ్లను నాట్యం చేయమన్న వీడియో 2012లో బయటికొచ్చాక ప్రపంచమంతా ఛీ అంది. అది చూసి మనం కూడా ఛీ అన్నాం. మరి మంత్రిగారు వచ్చిన ప్రతిసారీ మన కొమ్ము ఆట వాళ్లను ఎండలో రెండు గంటలు నిలబెట్టి, కారు దిగగానే డోలు కొట్టమంటున్నాం కదా? పెళ్లికి, పండుగకు, చావుకు అర్థమున్న ఆట అది. దాన్ని స్వాగత తోరణం చేశాం. ఆడేవాళ్ల ఇష్టం, వాళ్ల కూలి, వాళ్ల గౌరవం తేలకుండా ఆడించటానికీ ఆ వీడియోకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువ లేదు.

ఇంకో రకం ఉదాహరణ కూడా ఉంది. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ దేశపు అమెజాన్ అడవిలో అచువార్ అనే ఆదివాసులున్నారు. 1990లలో అక్కడ ఒక ప్రైవేటు కంపెనీ కపావి అనే విడిది కట్టింది. కానీ అచువార్ సంఘంతో ఒప్పందం చేసుకుని కట్టింది. నేలకు అద్దె ఇవ్వాలి, వాళ్ల మనుషులకే పని నేర్పాలి, గడువు తర్వాత విడిదిని వాళ్లకే అప్పగించాలి అని. తర్వాత అది వాళ్ల చేతికి వచ్చింది. అడవి మనదైనప్పుడు, సంఘం గట్టిగా ఉన్నప్పుడు, షరతులు మనమే పెట్టొచ్చు. మన దేశంలోనే 2013లో సుప్రీంకోర్టు మాట మీద నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చుని పెద్ద గనుల కంపెనీకి వద్దని చెప్పాయి. అంత పెద్ద గనికి వద్దు అనగలిగిన గ్రామసభ, ఒక రిసార్టుకు షరతు పెట్టలేదా?

మనం చేయాల్సింది

రేవుల్లో, హోటళ్లలో, జీపుల మీద పనిచేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మొదట చెబుతున్నాను. ఆ పని చిన్నది కాదు. కానీ వచ్చినవాళ్లకు మన గురించి చెప్పేటప్పుడు వాళ్లు వినాలనుకున్న కథ చెప్పకండి. ఊరి పేరు, జాతి పేరు సరిగ్గా చెప్పండి. వరద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గుర్తు చూపించండి. అడగకుండా ఇంట్లోకి వచ్చి ఫొటో తీస్తే ఆపండి. కూలి ముందు మాట్లాడుకోండి. ఒక్కొక్కరుగా కాక సంఘంగా మాట్లాడుకోండి.

ఊరి పెద్దలకు, వార్డు సభ్యులకు: 1996 పెసా చట్టం మన ఆచారాలనూ ఉమ్మడి వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఇసుక లాంటి చిన్న ఖనిజాల మీద గ్రామసభ సిఫారసు తప్పనిసరి. మీ ఊరి ఒడ్డున గుడిసెలు వేసినా, లాంచి ఆపినా, గ్రామసభ తీర్మానం ఏది అని రాతపూర్వకంగా అడగండి. బస చేసే ప్రతి మనిషి మీద ఊరికి రుసుము, పని మన పిల్లలకే, చెత్త తెచ్చినవాడే తీసుకుపోవాలి, చీకటి పడ్డాక మైకు వద్దు. ఈ నాలుగు షరతులు పుస్తకంలో ఎక్కించి సంతకాలు పెట్టించండి. పుస్తకంలో లేని మాటకు ఆఫీసులో విలువ లేదని మనకు బాగా తెలుసు.

చివరగా తోటి ఉపాధ్యాయులకు. 2004లో మొదలైన బహుభాషా విద్యలో కోయ పిల్లలకు కోయ వాచకాలు వచ్చాయి. అవి ఎక్కడ ఆగిపోయాయో, ఏ బీరువాలో ఉన్నాయో మీకు తెలుసు. వాటిని బయటికి తీయండి. వాటికి మనం కొత్త పేజీలు కలపాలి. పిల్లల చేత వాళ్ల ఊరికి యాత్ర రాయించండి. బడి నుంచి ఇంటికి దారి, మధ్యలో వాగు పేరు, ఆ వాగుకు ఆ పేరు ఎందుకొచ్చింది, ఏ నెలలో దాటలేం, దాటలేని నెలల్లో జ్వరమొస్తే ఎవరు మోస్తారు, ఎంతమంది మోస్తారు. ముంపు ఊళ్ల పిల్లలయితే రేవుల పేర్లు, సుడుల పేర్లు, కొండ గుర్తులు, దేవతల చెట్లు అవ్వలనడిగి రాసుకురమ్మనండి. ఆ పేర్లు ఏ సర్వే మ్యాపులోనూ లేవు. నీళ్లు వచ్చాక అడగటానికి ఆ రేవు ఉండదు, అవ్వ ఏ కాలనీలో ఉంటుందో తెలియదు.

ఆదివారం పుస్తకంలో వచ్చిన వ్యాసాన్ని కూడా తరగతికి తీసుకెళ్లండి. చదివించండి. ప్రతి వాక్యం కింద 'ఈ మాట నీకు ఎవరు చెప్పారు?' అని రాయమనండి. జవాబు దొరకని వాక్యాలను పిల్లలే కొట్టేస్తారు. తర్వాత ఖాళీ అయిన చోట ఏం రాయాలో వాళ్లకే తెలుసు. అది రాసి, తప్పులు దిద్ది, తపాలా బిళ్ల అంటించి ఆ పత్రికకే పంపండి. మొదటిసారి వేయరు. రెండోసారీ వేయకపోవచ్చు. పంపుతూనే ఉండండి.